రెండు చెంచాల ఆయిల్

2008 అక్టోబరు 21, మంగళవారం. ఉదయం ఎనిమిదీ ఇరవైకి, ఇంకో రెండు కిలోమీటర్లు పోతే చిల్లకల్లు వస్తుందనగా, తొమ్మిదో నంబరు హైవే మీద భార్గవ నడుపుతున్న మోటారు సైకిలు ముందు చక్రం పట్టేసింది. బండి పల్టీ కొట్టింది. భార్గవ వయసు ఇరవై. కుడి మణికట్టు, మెడ కింద ఎముక విరిగాయి. ముందు పళ్లు రెండు ఊడాయి. వెనక వస్తున్న లారీ డ్రైవరు స్టీరింగు పక్కకి తిప్పి తప్పించాడు. 108 వచ్చేసరికి ఎనిమిదీ నలభై అయింది.

బండి భార్గవది కాదు. అతని మేనత్త దుర్గాంబ భర్త వరప్రసాదరావుది. వరప్రసాదరావు నందిగామ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు. ఆయనకు యాభై మూడేళ్లు. కబురు వచ్చేసరికి తొమ్మిదో తరగతి గదిలో హాజరు వేస్తున్నాడు. ఫోన్ చేసింది దుర్గాంబ.

"బండి ఆగిపోయిందంటండీ. ముందు చక్రం తిరగలేదంట. వాడు ఎగిరి పడ్డాడంట."

"ముందు చక్రమా?" అని అడిగాడు.

పిల్లాడు ఎలా ఉన్నాడని ఆ తర్వాత అడిగాడు. ఏది ముందు అడిగాడో దుర్గాంబకు గుర్తుండిపోయింది. ఆయనకూ గుర్తుండిపోయింది.

ఆ బండి 1999లో కొన్నది. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉన్న బండ్లు అప్పట్లో జగ్గయ్యపేట మొత్తం మీద రెండో మూడో ఉండేవి. అప్పుడాయన జగ్గయ్యపేటలో కాపురం ఉండి, పన్నెండు కిలోమీటర్ల అవతల ఊళ్లో పాఠాలు చెప్పేవాడు. మూడేళ్లు దాని మీదే తిరిగాడు. 2002లో నందిగామకు బదిలీ అయింది. ఇంటి నుంచి బడికి నడిస్తే అయిదు నిమిషాలు. బండి వరండాలో పాత దుప్పటి కింద నిలబడిపోయింది. అమ్ముదామని దుర్గాంబ రెండుసార్లు అంది. ఆయన అమ్మలేదు. సొంత జీతంతో కొన్న మొదటి బండి అదే. ఏడాదికి వంద కిలోమీటర్లు కూడా తిరిగేది కాదు.

తిరగకపోయినా సర్వీసు మాత్రం తప్పేది కాదు. ఏటా దసరా ముందు రోజు జగ్గయ్యపేట నుంచి ప్రేమదాసు వచ్చేవాడు. ప్రేమదాసు ఆయన దగ్గరే పదో తరగతి చదివాడు. లెక్కలు తప్పి బడి మానేసి స్పానర్లు పట్టాడు. ముక్త్యాల రోడ్డులో పదకొండేళ్లుగా అతని రేకుల షెడ్డు ఉంది. షెడ్డు అతనిదే. కింద ఉన్న స్థలం రాంబాబుది. రాంబాబు దుర్గాంబకు తమ్ముడు, భార్గవకు తండ్రి. 'మావాడే, మంచి పనిమంతుడు' అని పదకొండేళ్ల కిందట ఆ స్థలం ఇప్పించింది వరప్రసాదరావే.

ఆ ఏడాది అక్టోబరు 8న ప్రేమదాసు పొద్దున్నే వచ్చి వరండాలో గోనెపట్టా పరుచుకున్నాడు. ముందు టాంకులో ఉన్న పాత పెట్రోలు దింపి వాసన చూశాడు.

"ఇది పెట్రోలు కాదు మాస్టారూ, కషాయం. బండి జొరమొచ్చినట్టు దగ్గుతుందంటే దగ్గదా మరి?"

"ఏడాది కాలేదుగా పోయించి."

"ఏడాదే అయింది. పోయిన దసరాకి నేనే పోశా. ఈ బండి తిరిగిన దూరం కంటే తాగిన ఆయిలే ఎక్కువ. ఏడాదికోసారి పెళ్లికొడుకుని చేసి మళ్లీ దుప్పటి కప్పేస్తారు. ఇది బండా, ఉత్సవ విగ్రహమా?"

"విగ్రహమైనా ఏడాదికోసారి ఊరేగుద్దిగా. నువ్వు కానీ."

ప్రేమదాసు ఇంజనాయిల్ దింపాడు. తిరగని బండిలో ఆయిల్ పాడవదని జనం అనుకుంటారనీ, నిలబడ్డ బండిలోనే ముందు పాడవుతుందనీ చెబుతూ కొత్తది పోశాడు. కార్బురేటర్ విప్పి ఊదాడు. బాటరీ గడుల్లో డిస్టిల్డ్ వాటర్ పోశాడు. ముందు షాకబ్జర్లలో ఆయిల్ మార్చాడు. అర లీటరు డబ్బాలో అడుగున కొంచెం మిగిలింది.

"ఇది ఉంచుకోండి. తలుపు బందులు కిర్రుమంటంటే వేసుకోవచ్చు."

చివర్లో హ్యాండిలు కుడి పక్కనున్న చిన్న డబ్బా చూశాడు. అగ్గిపెట్టెంత ఉంటుంది. దానికొక గాజు కన్ను, ఆ కంటి మీద ఒక గీత. లోపల బ్రేకు ఆయిల్ ఆ గీతకు కింద ఉంది. రంగు టీ డికాషన్‌లా ఉంది.

"ఇది మొత్తం తీసి మార్చాలి మాస్టారూ. ఈ సరుకు నా దగ్గర లేదు. బెజవాడ నుంచి తెప్పించి పండగయ్యాక వస్తా. అప్పటిదాకా ఆ మూత తీయకండి, తేమ పీల్చుద్ది. బండి కూడా రోడ్డెక్కించకండి. రేపు పూజకి నిమ్మకాయల మీద నుంచి తోస్తే చాలు."

"సరేలే" అన్నాడు వరప్రసాదరావు.

మర్నాడు విజయదశమి. ఆ ఇంట్లో దసరాకు ఒక పద్ధతి ఉంది. వరప్రసాదరావు తల్లి పెట్టిన పద్ధతి. ఆ రోజు ఇంట్లో ఎక్కడా వెలితి కనపడకూడదు. బిందెలు నిండా ఉండాలి, బియ్యం డబ్బా నిండా ఉండాలి, ఉప్పు జాడీ, దీపం కుంది, ఆఖరికి కలంలో సిరా కూడా నిండుగా ఉండాలి. సగం ఉన్న దానికి బొట్టు పెట్టకూడదు. ఆవిడ పోయి పద్నాలుగేళ్లయింది. ఆయన బడిలో పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసం రాయిస్తాడు. ఇంట్లో మాత్రం ఆ పద్ధతి ఒక్క ఏడూ తప్పలేదు. ఆ రోజు కూడా పొద్దున్నే క్యాన్ పట్టుకుని బంకుకు వెళ్లి, టాంకు నిండేదాకా పెట్రోలు పోశాడు.

పసుపు కుంకుమ పెట్టబోతుంటే గాజు కంటిలో వెలితి కనిపించింది.

స్క్రూడ్రైవరు తెచ్చాడు. మూతకున్న రెండు స్క్రూలు తీశాడు. ప్రేమదాసు ఉంచుకోమన్న డబ్బా అడుగున మిగిలిన షాకబ్జర్ ఆయిల్ చెంచాతో తీసి పోశాడు. రెండు చెంచాలకు గీత దాకా వచ్చింది. మూత బిగించి, దాని మీద గంధం, దాని మీద కుంకుమ పెట్టాడు. తర్వాత బండెక్కి రామాలయం దాకా వెళ్లొచ్చాడు. రెండుసార్లు బ్రేకు పట్టి చూశాడు. బాగానే పట్టింది.

వత్తుల్లో నూనె పోస్తున్న దుర్గాంబ అడిగింది.

"అది కూడా నింపేశారా?"

"నింపా."

సాయంత్రానికి బండి మళ్లీ దుప్పటి కిందికి వెళ్లింది. పన్నెండు రోజులు అక్కడే ఉంది.

19న ప్రేమదాసు ఫోన్ చేశాడు. బ్రేకు ఆయిల్ వచ్చిందనీ, వచ్చే ఆదివారం వస్తాననీ అన్నాడు. తొందరేం లేదులే అన్నాడు వరప్రసాదరావు. మూత తీసిన సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతాడనుకున్నాడు. అప్పటికి ఆయనకు ఉన్న భయం అంతవరకే.

20 సాయంత్రం భార్గవ వచ్చాడు. కంచికచర్ల దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడు చదువుతున్నాడు. దీపావళి సెలవులకు ఇంటికి పోతూ అత్తయ్య దగ్గర ఆగాడు. మర్నాడు పొద్దున్న బస్సులో పోనన్నాడు.

"మావయ్యా, ఊరికే పడుంది కదా, నేను తీసుకెళ్తా. పండగయ్యాక తెచ్చి పెడతా."

"దానికేదో పని ఉందన్నాడురా ప్రేమదాసు."

"దసరాకి సర్వీసు చేయించారంటగా. అత్తయ్య చెప్పింది."

"ఇవ్వండి, పాపం. ఆ బస్సుల్లో నిలబడి పోతాడా" అంది దుర్గాంబ.

తాళం ఇచ్చాడు.

జరిగినదేమిటో తర్వాత భార్గవ చెప్పాడు. బండి మొదట బాగానే నడిచింది. పదిహేను కిలోమీటర్ల తర్వాత ఎంత యాక్సిలరేటరు ఇచ్చినా లాగలేదు. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు అనిపించింది. చాలా రోజులకు బయటికొచ్చిన బండి కదా, దులుపుకుంటుందిలే అని ఇంకాస్త ఇచ్చాడు. ముందు నుంచి కాలిన వాసన వచ్చింది. ఆపుదామనుకునేలోపే చక్రం పట్టేసింది.

విజయవాడలో ఆసుపత్రి వరండాలో రాంబాబు కనపడ్డాడు. చొక్కా మీద కొడుకు రక్తం ఉంది.

"బావా, ఈ మధ్య ఆ బండికి ఎవరు చెయ్యి పెట్టారు?"

"దసరా ముందు రోజు ప్రేమదాసు సర్వీసు చేశాడు" అన్నాడు వరప్రసాదరావు.

అన్న మాటలో అబద్ధం లేదు. ఆ సాయంత్రం బస్సులో నందిగామ వస్తూ, అబద్ధం లేదని తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు.

బండిని ట్రాలీలో జగ్గయ్యపేట తెచ్చి రాంబాబు ఇంటి దొడ్లో పడేశారు. 24న రాంబాబు వేరే మెకానిక్కుని పిలిపించాడు. ప్రేమదాసునూ పిలిపించాడు. అందరి ముందూ మూత విప్పించాడు. లోపల రబ్బర్లు ఉబ్బి ఉన్నాయి. వచ్చిన మెకానిక్కు వేలు ముంచి, రుద్ది, వాసన చూసి చెప్పాడు.

"ఇందులో షాకబ్జర్ ఆయిల్ కలిసిందండి. ఇది తగిలితే ఈ రబ్బరు ఉబ్బుద్ది. ఉబ్బితే బ్రేకు వెనక్కి రాదు. పట్టుకునే ఉండుద్ది. వేడెక్కే కొద్దీ ఇంకా బిగుసుకుద్ది."

"షాకబ్జర్ ఆయిల్ ఎవడు మార్చాడు?" అన్నాడు రాంబాబు.

"నేనే మార్చానండి. కానీ ఆ మూత నేను ముట్టుకోలా" అన్నాడు ప్రేమదాసు.

"మరి దెయ్యం వచ్చి ముట్టుకుందా?"

నవంబరు 30కల్లా స్థలం ఖాళీ చెయ్యమన్నాడు. ఈ సంగతంతా అదే రాత్రి ఫోన్లో వరప్రసాదరావుకు చెప్పాడు. వరప్రసాదరావు విన్నాడు. "ఊఁ" అన్నాడు. ఫోన్ పెట్టేశాక వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు. బండి ఉండే చోట గచ్చు మీద టైర్ల గుర్తులు రెండు ఉన్నాయి. ఆయన ఏటా తొమ్మిదో తరగతికి పాస్కల్ సూత్రం చెబుతాడు. దానికి ఉదాహరణగా వాహనాల బ్రేకులు చెబుతాడు. ద్రవం ఏదైతేనేం అని ఆ దసరా పొద్దున తాను అనుకున్నాడా, అసలు ఏమీ అనుకోలేదా అని ఆలోచించాడు. వెలితి పోవాలని తప్ప ఏమీ అనుకోలేదని తేలింది.

26, ఆదివారం. మధ్యాహ్నం ప్రేమదాసు నందిగామ వచ్చాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. కుర్చీ చూపిస్తే గట్టు మీద కూర్చున్నాడు.

"మాస్టారూ, ఆ రోజు మీ ముందే చెప్పా. బ్రేకు ఆయిల్ నా దగ్గర లేదు, బెజవాడ నుంచి తెప్పిస్తానని. మూత తీయొద్దనీ చెప్పా. ఆ ఒక్క ముక్క రాంబాబు గారికి చెప్పండి చాలు."

"చెబుతా."

"ఎవరు పోశారని నేను అడగట్లా. నేను పోయలేదని చెప్పండి."

"చెబుతాలేరా."

"పేటలో అప్పుడే అంటన్నారు. ఏ ఆయిల్ ఎందులో పొయ్యాలో తెలీని దాసు అని. నిన్న ఇద్దరు బండి తెచ్చి, షెడ్డు దాకా వచ్చి, వెనక్కి తిప్పుకెళ్లారు."

దుర్గాంబ మజ్జిగ తెచ్చింది. ప్రేమదాసు తాగి, గ్లాసు కడిగి గట్టు మీద పెట్టి వెళ్లాడు.

చెప్పడానికి వరప్రసాదరావు మూడుసార్లు జగ్గయ్యపేట వెళ్లాడు. నవంబరు 2న వెళ్లాడు. భార్గవ చేతికి ప్లేటు వేసి ఇంటికి పంపారు. పళ్లు లేక మాటలో గాలి పోతోంది. ఎడమ చేత్తో ఉప్మా తినడానికి తంటాలు పడుతున్నాడు. వరప్రసాదరావు రెండు పూటలు ఉండి, చెప్పకుండానే వచ్చేశాడు. 9న వెళ్లాడు. ఇంటినిండా చుట్టాలున్నారు. 16న వెళ్లాడు. ఆ రోజు రాంబాబు తనంతట తానే ఆ సంగతి ఎత్తాడు.

"అక్షరం ముక్క రాని వాళ్లని మనమే నెత్తినెక్కించుకుంటాం బావా. మీరు చెప్పబట్టి స్థలమిచ్చా. మిమ్మల్ని ఏమీ అనట్లా."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. వరప్రసాదరావు కాఫీ తాగాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నానని అనుకున్నాడు. అనుకుని, గ్లాసు కింద పెట్టి, బస్సు టైమైందని లేచాడు. బస్టాండుకు పోవాలంటే ప్రేమదాసు షెడ్డున్న ముక్త్యాల రోడ్డే దగ్గరి దారి. ఆయన చుట్టూ తిరిగి వేరే వీధిలోంచి వెళ్లాడు. మూడుసార్లూ అలాగే వెళ్లాడు.

ఈ మధ్యలో, 12న, తొమ్మిదో తరగతిలో పాస్కల్ పాఠం వచ్చింది. బోర్డు మీద బొమ్మ వేశాడు. రెండో బెంచీలో కూర్చునే మహతి లేచింది. పాఠం ఏదైనా ఆ అమ్మాయి ప్రశ్న అడుగుతుంది.

"సార్, ఏ ద్రవమైనా ఒత్తిడి ఒకేలా పంపుద్ది అన్నారు కదా. మరి బ్రేకులో నీళ్లు పోస్తే పనిచేస్తుందా?"

"చేస్తుంది. కొన్నాళ్లు" అన్నాడు.

"తర్వాత?"

"కూర్చో."

ఎప్పుడూ కూర్చోమనని మాస్టారు కూర్చోమనేసరికి అమ్మాయి చుట్టూ చూసి కూర్చుంది. ఆయన మిగతా పాఠం చెప్పకుండా లెక్కలు ఇచ్చాడు.

28న ఆయన బడి నుంచి వచ్చేసరికి దుర్గాంబ వంటింట్లో లేదు. వరండాలో, బండి ఉండే చోట పీట వేసుకుని కూర్చుంది.

"కృపావతి వచ్చింది" అంది.

కృపావతి ప్రేమదాసు భార్య.

"ఏమంది?"

"మీ ఆయన మాట ఒక్కటి చాలమ్మా అంది. అడగడానికి ఆయనకి మొహమాటం, నేనొచ్చా అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది."

వరప్రసాదరావు చొక్కా గుండీలు తీస్తూ నిలబడ్డాడు.

"దసరా నాడు మీరు ఆ డబ్బాలో చెంచాతో ఏదో పోశారు. నేను చూసా. అదేనా?"

"అదే."

"నాకు ఇంజన్ల సంగతి తెలీదు. కానీ ముందు చక్రం అనగానే మీ గొంతు మారింది. అప్పుడే అనుకున్నా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. మీరే చెబుతారులే, మొగుడి మీద తమ్ముడికి నేను చాడీ చెప్పడమేంటని ఊరుకున్నా. నెల రోజులు ఊరుకున్నా. తాళం ఇవ్వమన్నదీ నేనే."

"నీదేం లేదు."

"ఎల్లుండి పొద్దున వాడి షెడ్డు పీకేస్తారు. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

29, శనివారం. బడికి సెలవు పెట్టి మొదటి బస్సుకు వెళ్లాడు. రాంబాబు ఇంట్లో టీవీలో బొంబాయి వార్తలు వస్తున్నాయి. తండ్రీకొడుకులు ఇద్దరూ దాని ముందు ఉన్నారు. వరప్రసాదరావు కూర్చోకుండా చెప్పాడు. పద్ధతి గురించి, గీత గురించి, రెండు చెంచాల గురించి వరసగా చెప్పాడు. మూత తీయొద్దని, బండి రోడ్డెక్కించొద్దని ప్రేమదాసు ముందే చెప్పాడని కూడా చెప్పాడు.

రాంబాబు టీవీ గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు చెబుతున్నారా బావా?"

"ఇప్పుడే చెబుతున్నా."

"పోయిన నెల ఇరవై నాలుగో తారీకు అంతమందిలో మూత విప్పించా. వాణ్ని నిలబెట్టి అడిగా. ఇప్పుడు మా బావ చేశాడంట, నీది కాదంటలేరా అని నేను వెళ్లి చెప్పాలా?"

"నేను చెబుతా. నువ్వు స్థలం ఉండనివ్వు."

"అది కాదు సంగతి. ఖాళీ చెయ్యమన్నా, సరే అన్నాడు. అక్కడికి అయిపోయింది. నా నోటి మాట నేనే మింగితే పేటలో నాకు విలువేముంటుంది? రేపు ఇంకోడు ఖాళీ చేస్తాడా? మీరూ ఈ మాట ఇక్కడితో వదిలెయ్యండి. అక్కకీ చెప్పండి."

భార్గవ టీవీ మీంచి చూపు ఇటు తిప్పాడు.

"మావయ్యా, రోడ్డెక్కించొద్దని చెప్పాడా ప్రేమదాసు?"

"చెప్పాడు."

"మరి నాకు తాళం ఎందుకిచ్చారు?"

"దసరా నాడు గుడి దాకా వెళ్లొచ్చా. బాగానే పట్టింది. ఏం కాదనుకున్నా."

భార్గవ తల తిప్పి టీవీ వైపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో రిమోట్ తీసుకుని గొంతు పెంచాడు.

వరప్రసాదరావు ఆ రాత్రి నందిగామ వెళ్లలేదు. తెలిసిన మాస్టారింట్లో పడుకున్నాడు. 30, ఆదివారం, పదకొండు గంటలకు ముక్త్యాల రోడ్డుకు వెళ్లాడు. ప్రేమదాసు నిచ్చెన మీద ఉన్నాడు. పైరేకుల బోల్టులు విప్పుతున్నాడు. కృపావతి కింద కూర్చుని స్పానర్లు సైజుల వారీగా గోనెసంచిలో వేస్తోంది. ఎదురుగా కృష్ణయ్య టీ బడ్డీ. ఆదివారం కావడంతో బల్లల మీద ఆరేడుగురున్నారు. వాళ్లలో ఇద్దరు అక్టోబరు 24న మూత విప్పినప్పుడు రాంబాబు దొడ్లో ఉన్నవాళ్లే.

ఆయన రోడ్డు మధ్య నిలబడి చెప్పాడు. క్లాసులో చెప్పే గొంతుతో చెప్పాడు. అది తప్ప ఆయనకు ఇంకో గొంతు రాదు.

"ప్రేమదాసు తప్పేం లేదు. బ్రేకులో ఆ ఆయిల్ పోసింది నేను. మూత తీయొద్దని అతను ముందే చెప్పాడు. దసరా నాడు నేనే మూత తీసి పోశా. బండి తీయొద్దని కూడా చెప్పాడు. నేనే తాళం ఇచ్చా."

కృష్ణయ్య టీ వడపోస్తున్న గుడ్డ పిండి పక్కన పెట్టాడు.

"నలభై రోజులైంది కదండీ మాస్టారూ. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

వరప్రసాదరావు నిచ్చెన వైపు చూశాడు.

"పిల్లలు హోంవర్కు ఒక్కరోజు లేటైతే బెంచీ ఎక్కిస్తారు. అప్పట్లో మావాణ్ని ఎక్కించారు" అన్నాడు కృష్ణయ్య. ఒకరిద్దరు నవ్వారు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

ప్రేమదాసు నిచ్చెన దిగాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"నాకు తెలుసు మాస్టారూ."

"ఎప్పట్నించి?"

"మూత విప్పిన రోజు నుంచి. రెండు స్క్రూల్లో ఒకటి అడ్డం పడి బిగిసింది. నేను అట్టా బిగించను. పైగా మూత సందుల్లో కుంకం ఉంది."

"నందిగామ వచ్చినప్పుడు ఎందుకు అనలేదు?"

"మీరే అంటారనుకున్నా."

కృపావతి స్పానర్లు వెయ్యడం ఆపలేదు.

"నిన్న రాంబాబుకి చెప్పా. వినలేదు. మళ్లీ వెళ్తా. ఇంకెవరినన్నా తీసుకుని వెళ్తా" అన్నాడు వరప్రసాదరావు.

"వద్దండి. కోదాడలో చోటు మాట్లాడుకున్నా. అడ్వాన్సు కూడా ఇచ్చా. ఆయన ఉండమన్నా నేను ఉండను."

"ఆ బండి వాళ్ల దొడ్లోనే ఉంది. నువ్వే తీసుకెళ్లి బాగు చెయ్యి. ఎంతైనా కానీ. నువ్వు చెయ్యాలి."

"చెయ్యనండి."

"దాసూ."

"ఎవరిదైనా చేస్తా మాస్టారూ. మీది చెయ్యను. వేరే వాళ్లకి చూపించుకోండి. బ్రేకులోకి కొత్త రబ్బరు సెట్టు వేయమనండి, లైను మొత్తం కడిగించండి. ఊరికే ఆయిల్ మారిస్తే పోదు."

అంతవరకు చెప్పి మళ్లీ నిచ్చెనెక్కాడు. వరప్రసాదరావు అక్కడే నిలబడ్డాడు. నిచ్చెన కాలు ఊగితే పట్టుకోబోయాడు.

"జరగండి మాస్టారూ, రేకు పడుద్ది" అంది కృపావతి.

జరిగాడు.

సాయంత్రం నాలుగున్నరకు ఆఖరి రేకు ట్రాలీ ఎక్కింది. 24న దొడ్లో ఉన్న ఇద్దరిలో ఒకడు చెయ్యి వేశాడు. అప్పటిదాకా వరప్రసాదరావు టీ బడ్డీ పక్కన నిలబడే ఉన్నాడు. కృష్ణయ్య ఆయనకు టీ ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

డిసెంబరు మొదటి వారంలో రాంబాబు ఆ స్థలం చుట్టూ ముళ్లకంచె వేయించాడు. డిసెంబరు 8, సోమవారం కోదాడలో ప్రేమదాసు షెడ్డు తెరిచాడు. మొదటి రోజు మూడు బండ్లు వచ్చాయి.